పోటు చూసుకుని బయల్దేరండి: టైడ్‌వాటర్ వర్జీనియా పల్లెల్లో మూడు నాలుగు రోజులు గడపడానికి సమగ్ర మార్గదర్శి

యాష్‌బర్న్, హెర్న్‌డన్, షార్ట్ పంప్‌లలో ఉండే మనవాళ్లకు సెలవొస్తే షెనండోవా కొండలు గుర్తొస్తాయి, కాదంటే వర్జీనియా బీచ్. ఈ రెంటికీ మధ్య, ఐ-95కు తూర్పున పరుచుకున్న పల్లెసీమ జోలికి పోయేవాళ్లు తక్కువ. పోయినవాళ్లు కూడా ఒక్క రోజులో నాలుగు ఊళ్లు చుట్టేసి, "ఏముందండీ, పొలాలూ నీళ్లూ తప్ప" అంటూ తిరిగొస్తారు. నిజమే, అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. చేయడానికే బోలెడుంది. పీతలు పట్టొచ్చు, తెడ్డు వేసుకుంటూ ఏటిలోపలికి పోవచ్చు, ఒడ్డున కూర్చుని నీరు ఎక్కడాన్నీ దిగడాన్నీ చూడొచ్చు. ఇవన్నీ దక్కాలంటే ఒక్క ఏరు ఎంచుకుని అక్కడే ఉండిపోవాలి. రోజును మన వాచీ మీద కాకుండా ఆటుపోట్ల మీద నడపాలి. ఈ వ్యాసమంతా ఆ రెండు మాటల చుట్టూనే.

ముందు నేల సంగతి కొంచెం. చెసపీక్ బే సుమారు 200 మైళ్ల పొడవు, కానీ సగటు లోతు 21 అడుగులే. మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరిగినప్పుడు సస్క్వహానా నది లోయ మునిగి ఈ బే అయింది. దాంట్లోకి వర్జీనియా వైపు నుంచి పొటోమాక్, రాపహానక్, యార్క్, జేమ్స్ నదులు దిగుతాయి. పొటోమాక్‌కూ రాపహానక్‌కూ మధ్య నేలను నార్తర్న్ నెక్ అంటారు. రాపహానక్, యార్క్‌ల మధ్యది మిడిల్ పెనిన్సులా. యార్క్, జేమ్స్‌ల మధ్య ఉన్నది విలియమ్స్‌బర్గ్ ఉండే పెనిన్సులా. రిచ్‌మండ్‌లో జేమ్స్ నది బండల మీంచి దిగే చోటు దాకా సముద్రపు పోటు తగులుతుంది. అక్కణ్ణుంచి కిందికి ఉన్నదంతా టైడ్‌వాటర్. కోనసీమ, దివిసీమ వైపు పుట్టినవాళ్లకు ఉప్పుటేరు గురించి చెప్పనక్కర్లేదు. ఇక్కడ మడ అడవులుండవు, వాటి బదులు మైళ్ల కొద్దీ స్పార్టీనా గడ్డి ఉంటుంది. అంతే తేడా.

మొదటి పని: నెల ఎంచుకోవడం

నన్నడిగితే సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు ఆఖరు దాకా. చలికి ముందు పీతలు కండ పట్టి ఉంటాయి. నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి. కుట్టే జెల్లీచేపలు తగ్గుతాయి, దోమలు కూడా.

జులై, ఆగస్టుల్లోనే వెళ్లాల్సి వస్తే మధ్యాహ్నం మూడు తర్వాత నీళ్లమీద ఉండకూడదన్న నియమం పెట్టుకోండి. ఉరుములు, మెరుపులతో వాన ఏ పూటైనా ముంచుకురావచ్చు. పైగా ఆ నెలల్లో సీ నెటిల్ అనే తెల్లటి జెల్లీచేప ఉప్పు ఎక్కువున్న నీళ్లలో తిరుగుతుంటుంది. నదిలో పైకి పోయేకొద్దీ ఉప్పు తగ్గుతుంది, అవీ తగ్గుతాయి. పిల్లల్ని ఈతకు దింపాలనుకుంటే బే ఒడ్డున కాకుండా నది పైభాగంలో చోటు చూసుకోవడం మంచిది. కుట్టిందంటే చేత్తో రుద్దకండి. తీగల్ని పట్టకారుతో తీసేసి, మంచినీళ్లతో కాకుండా అక్కడి ఉప్పునీళ్లతోనే కడగండి. వంటసోడా తడి చేసి ముద్దలా పట్టించండి. అందరూ చెప్పే వెనిగర్ ఈ జాతికి పనికిరాదు, ఇంకా మండే అవకాశం ఉంది.

ఏప్రిల్, మే నెలలు పక్షులవి. చేపలు పట్టే డేగ ఆస్ప్రే మార్చి నడిమికల్లా దక్షిణం నుంచి తిరిగొచ్చి, నీళ్లలో పాతిన ప్రతి గుర్తుకొయ్య మీదా పుల్లల గూడు కట్టేస్తుంది. ఎండ బాగానే ఉంటుంది గానీ నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. కయాక్ (ఒకరిద్దరు పట్టే తెడ్డుపడవ) తిరగబడితే ఒంటిని దెబ్బ తీసేది ఆ నీళ్ల చలే కాబట్టి బట్టలు ఎండను బట్టి కాకుండా నీళ్లను బట్టి వేసుకోవాలి. జూన్‌లో ఈగలు కరుస్తాయి. మామూలు ఈగలు కావు, చొక్కా మీంచే కరుస్తాయి.

రెండో పని: చోటు

మొదటిసారైతే స్టేట్ పార్క్ తేలిక. రాపహానక్ ఒడ్డున లాంకస్టర్ కౌంటీలో ఉన్న బెల్ ఐల్ నాకు ఎక్కువ నచ్చుతుంది. నదితోపాటు మల్బరీ క్రీక్, డీప్ క్రీక్ అనే రెండు ఏళ్లు దాన్ని చుట్టి ఉంటాయి. గాలి ఎటునుంచి వీచినా ఏదో ఒక చాటు దొరుకుతుంది. గ్లౌస్టర్ కౌంటీలో 2021లో తెరిచిన మచికొమొకో పార్క్ యార్క్ నది వైపున ఉంది. పొహాటన్ ఆదివాసుల చరిత్రను ముందుపెట్టి కట్టిన పార్క్ అది. ఆ ప్రజలు చరిత్ర పుస్తకాలకే పరిమితం కాలేదు. పమంకీ, మాటపొనై తెగలు కింగ్ విలియం కౌంటీలో ఇప్పటికీ తమ నేలల మీదే ఉన్నాయి. పొటోమాక్ ఒడ్డున వెస్ట్‌మోర్‌ల్యాండ్ పార్క్ 1936 నాటిది, వర్జీనియా మొదటి ఆరు స్టేట్ పార్కుల్లో ఒకటి. అక్కడి ఫాసిల్ బీచ్‌లో లక్షల ఏళ్లనాటి సొరచేప పళ్లు ఇసుకలో దొరుకుతాయి. పిల్లలుంటే ఆ ఒక్కదానికే ఒక పూట పోతుంది. ఒడ్డున దొరికినవి ఏరుకోవచ్చు గానీ గట్టు తవ్వకండి, గట్టు కింద నిలబడకండి. ఆ గట్లు విరిగిపడుతుంటాయి.

స్టేట్ పార్క్ క్యాబిన్లు చాలా నెలల ముందే నిండిపోతాయి. అవి దొరక్కపోతే నార్తర్న్ నెక్‌లోనో మాథ్యూస్ కౌంటీలోనో చిన్న అద్దె ఇల్లు చూడండి. ఎన్ని గదులున్నాయి, టీవీ ఎంత పెద్దది అని చూడక్కర్లేదు. ఇంటివాళ్లను నాలుగు ప్రశ్నలడగండి. సొంత పైర్ (ఒడ్డు నుంచి నీళ్లలోకి కట్టిన కొయ్యవంతెన) ఉందా? నీరు బాగా తీసినప్పుడు పైర్ చివర ఎంత లోతుంటుంది? ఇంట్లో నీళ్లు బోరువా, తాగొచ్చా? చెత్త ఎక్కడ వెయ్యాలి? రెండో ప్రశ్నకు "బురదే" అని జవాబొస్తే ఆ ఇంటి దగ్గర పీతలాట రోజులో సగమే నడుస్తుంది. ఇంకొకటి: పౌర్ణమి, అమావాస్యల పోటుకు తోడు ఈశాన్యపు గాలి వీస్తే మాథ్యూస్, గ్లౌస్టర్ పల్లపు రోడ్ల మీదికి నీళ్లొస్తాయి. ఇక్కడ నేల కుంగుతోంది, సముద్రం పెరుగుతోంది. రోడ్డు పక్క ఆకులేని పైన్ చెట్లు గుంపుగా ఎండిపోయి కనిపిస్తే వేళ్లకు ఉప్పునీరు తగిలిందని లెక్క. ఆ నీళ్లలోంచి కారు నడపకండి. లోతు సంగతి పక్కనపెట్టినా, ఉప్పునీరు బండి అడుగును తినేస్తుంది.

ఒడ్డు హద్దుల విషయంలో మనవాళ్లు తరచూ పొరబడతారు. వర్జీనియాలో ఒడ్డు స్థలం సొంతదారు హద్దు సగటు ఆటు గీత దాకా ఉంటుంది. అంటే నీరు తీసినప్పుడు బయటపడే ఇసుక కూడా చాలాచోట్ల సొంత ఆస్తే. మేరీల్యాండ్‌లో అయితే పోటు గీత దాకానే. "సముద్రం అందరిదీ కదా" అని ఎవరి ఇంటి ముందో గొడుగు పాతితే షెరీఫ్ వస్తాడు. పార్కులు, పబ్లిక్ ల్యాండింగులు (పడవలు దించే రేవులు), నేచురల్ ఏరియా ప్రిజర్వులు వాడండి. నార్తంబర్‌ల్యాండ్‌లో హ్యూలెట్ పాయింట్, మాథ్యూస్‌లో బెథెల్ బీచ్ అలాంటివే. కారు దిగి కాస్త నడిస్తే బే ఒడ్డున పడతారు.

మూడో పని: పోటు పట్టిక చదవడం

నోవా (NOAA, అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వారి టైడ్స్ అండ్ కరెంట్స్ సైట్లో మీ చోటుకు దగ్గరి స్టేషన్ వెతకండి. రాపహానక్ నోటి దగ్గరైతే విండ్‌మిల్ పాయింట్, పొటోమాక్ కింద లూయిసెట్టా, యార్క్ మీద యార్క్‌టౌన్. దగ్గరిదే చూడాలి. పోటు నదిలో పైకెక్కడానికి గంటలు పడుతుంది కాబట్టి నోటి దగ్గర నీరు నిండిన వేళకు నదిలో పైనున్న టాపహానక్‌లో ఇంకా ఎక్కుతూనే ఉంటుంది.

రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. మర్నాడు అన్నీ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. శనివారం ఉదయం 7కు పోటు నిండితే, ఒంటిగంట దాటాక నీరు పూర్తిగా తీస్తుంది, రాత్రి ఏడున్నర ప్రాంతంలో మళ్లీ నిండుతుంది. ఆదివారం ఉదయం 8కి కాస్త ముందు. కాగితం మీద రోజుకో గీత గీసి, పోటు వేళల మధ్య పనులు రాసుకోండి. నీరు కదిలే వేళ పీతలకు. ఎక్కే వేళ ఏటిలోపలికి పోవడానికి, దిగే వేళ తిరిగి రావడానికి. నీరు తీసినప్పుడు ఒడ్డున గవ్వలు, పక్షులు, నిద్ర.

నీటి ఎత్తు తేడా తక్కువే. బే నడుమ ఒకటీ రెండడుగుల మధ్య, జేమ్స్ నది బేలో కలిసే హాంప్టన్ రోడ్స్ దగ్గర రెండున్నర అడుగులు, రిచ్‌మండ్ దగ్గర జేమ్స్‌లో సుమారు మూడు. ఇంత తక్కువ కాబట్టే గాలి పట్టికను తారుమారు చేసేస్తుంది. వాయవ్యపు గాలి ఒకటి రెండు రోజులు బలంగా కొడితే బే నీళ్లు బయటికి పోతాయి, పోటు వేళకు కూడా ఏరు సగమే నిండుతుంది. ఈశాన్యపు గాలైతే నీళ్లు లోపలికి నెట్టి, దిగాల్సిన నీటిని దిగనివ్వదు. అందుకని పట్టిక చూశాక వాతావరణశాఖ వారి మెరైన్ ఫోర్‌కాస్ట్ కూడా చూడాలి. అందులో "స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ" (చిన్న పడవలకు హెచ్చరిక) అన్న మాట కనిపిస్తే ఆ రోజు కయాక్ దింపొద్దు, పైర్ మీదే ఉండండి.

నాలుగో పని: సామాను

తక్కువే తీసుకెళ్లండి. తాగే నీళ్లు, బియ్యం, పప్పు, చింతపండు, కారం, ఉప్పు, నూనె. కూరగాయలు దారిలో రోడ్డు పక్క బల్లల మీద దొరుకుతాయి. డబ్బాలో డబ్బులు వేసి మనమే తీసుకోవాలి, చూసేవాళ్లెవరూ ఉండరు. అందుకని ఒకటీ, అయిదు డాలర్ల నోట్లు దగ్గర పెట్టుకోండి. ఎండాకాలంలో మొక్కజొన్న, టమాటా, బెండకాయ దొరుకుతాయి. జేమ్స్ దక్షిణాన సర్రీ వైపు వెళితే వేరుశనగ. ఆగస్టు చివర, సెప్టెంబరులో ఏటిగట్ల నీడలో పాపా చెట్ల కాయలు పండుతాయి. సీతాఫలం కుటుంబానిదే ఆ చెట్టు, గుజ్జు చెంచాతో తినొచ్చు. తోలు, గింజలు మాత్రం తినకూడదు.

పాత బూట్లు ఒక జత తప్పనిసరి. చెప్పులు బురదలో ఊడిపోతాయి. వట్టికాళ్లతో దిగితే ఆయిస్టర్ చిప్పలు కోసేస్తాయి. ఆ కోత చిన్నదే అనిపిస్తుంది గానీ వెచ్చటి ఉప్పునీటిలో విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది, తెరిచిన గాయంలోంచి అది ఒంట్లోకి పోతుంది. గాయముంటే నీళ్లలో దిగకండి. నీళ్లలో ఉండగా తెగితే వెంటనే సబ్బుతో కడగండి. వాపు, ఎరుపు గంటల్లో పాకుతుంటే ఎమర్జెన్సీకి పరుగెత్తండి. షుగర్, లివర్ జబ్బులున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, వాళ్లు పచ్చి ఆయిస్టర్లు అసలు ముట్టకూడదు.

అయిదో పని: పీతలు

అసలు పండగ ఇది. ఇక్కడి నీలిపీతను దారం, కోడిమెడలతో పట్టొచ్చు. వృత్తిగా పీతలు పట్టే వాటర్‌మెన్ మనలాంటి వాళ్లను "చికెన్ నెక్కర్స్" అని వెక్కిరిస్తారు. పడండి, పర్లేదు.

వర్జీనియాలో సొంత తిండికోసం దారంతో, చేతివలతో, లేదా రెండు క్రాబ్ పాట్‌లతో (నీళ్లలో వదిలే తీగ బోనులతో) పట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. రోజుకు ఒక బుషెల్ (ఒక పెద్ద బుట్టెడు) దాటకూడదు. మగపీత, ఎదగని ఆడపీత పైచిప్ప రెండు పక్కల ముళ్ల కొన నుంచి కొనకు 5 అంగుళాలుండాలి. పొటోమాక్ దాటి మేరీల్యాండ్‌లోకి వెళితే సరదాగా పట్టేవాళ్లు ఆడపీతల్ని ఉంచుకోనే కూడదు. నియమాలు ఏటేటా మారుతుంటాయి, వెళ్లేముందు వర్జీనియా మెరైన్ రిసోర్సెస్ కమిషన్ సైట్ చూడండి. 2022 శీతాకాలపు లెక్కల్లో బే మొత్తానికి పీతలు 22.7 కోట్లే తేలాయి. 1990లో ఆ లెక్క మొదలైనప్పటి నుంచీ అదే అతి తక్కువ. కాబట్టి బుషెల్ నింపాలన్న పట్టుదల వద్దు. నలుగురున్న ఇంటికి రెండు డజన్లు చాలు.

కోడిమెడలు ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి, కాస్త వాసన రావాలి. పదిహేను ఇరవై అడుగుల పురికోస చివర మెడను గట్టిగా కట్టి, దాని పక్కనే ఒక నట్టు లాంటి బరువు కట్టండి. రెండో చివర పైర్ కొయ్యకు ముడి. అలాంటివి అయిదారు, ఒక్కోటి రెండు మూడు గజాల దూరంలో. మెడ నేలకు తాకాలి, దారం కొంచెం వదులుగా ఉండాలి. ఇక కూర్చోండి.

దారం పక్కకు జరిగి బిగిసిందంటే పీత మెడను లాక్కుపోతోంది. ఇక్కడే పిల్లలు తొందరపడతారు. దారాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, నీళ్లలో నీడ కూడా కదలనంత నెమ్మదిగా, అంగుళం అంగుళంగా లాగాలి. బరువు తెలుస్తుంటుంది, మధ్యమధ్యలో పీత అటు గుంజుతుంది. గుంజినప్పుడు ఆగండి, వదిలితే మళ్లీ లాగండి. గోధుమరంగు నీళ్లలో ముందు మెడ తెల్లగా మసకమసకగా కనిపిస్తుంది, తర్వాత దాన్ని పట్టుకున్న నీలి డెక్కలు. ఇంకా అడుగు లోతుండగానే ఆపేయాలి. పైకి వచ్చేకొద్దీ వెలుగు చూసి వదిలేస్తుంది. రెండోవాళ్లు చేతివలను పీతకు దూరంగా నీళ్లలో దించి, దాని కిందికి తెచ్చి, ఒక్కసారి పైకెత్తాలి. వల పైనుంచి వేస్తే దొరకదు, పీత ఎప్పుడూ కిందికి, పక్కకే పారిపోతుంది.

ఇప్పుడు పొట్ట చూడండి. పొట్ట కింది మూత సన్నగా పొడుగ్గా, వాషింగ్టన్ మాన్యుమెంట్ ఆకారంలో ఉంటే మగది. వెడల్పుగా క్యాపిటల్ గుమ్మటంలా ఉంటే ఎదిగిన ఆడది, దాని డెక్కల కొనలు గోళ్లరంగు వేసినట్టు ఎర్రగా ఉంటాయి. త్రికోణమైతే ఎదగని ఆడది. పొట్ట కింద స్పాంజిలా గుడ్లముద్ద ఉంటే తిరిగి నీళ్లలోకే. ముదురు రంగు గుడ్లున్నవాటిని ఉంచుకోకూడదని కొన్ని నెలలకు నియమం ఎలాగూ ఉంది. నేనైతే ఏ రంగైనా వదిలేయమంటాను. నదిలో పైకి వెళ్లేకొద్దీ మగవే ఎక్కువ దొరుకుతాయి, గుడ్లు పెట్టడానికి ఆడవి బే నోటి వైపు ఉప్పునీళ్లకు దిగిపోతాయి. సైజు చాలిందని సంబరపడకముందు బరువు కూడా చూడండి. పొట్ట తళతళా తెల్లగా, నొక్కితే మెత్తగా ఉంటే కొత్తగా కుబుసం విడిచినది, లోపల నీళ్లే. తుప్పురంగు మరకలతో గట్టిగా బరువుగా ఉన్నది కండపీత.

పట్టుకోవడం వెనకనుంచే. ఈదే కాళ్లు, అంటే వెనక తెడ్డులా ఉన్నవి, మొదలయ్యే చోట బొటనవేలు పైన, చూపుడువేలు కింద. అక్కడికి డెక్క అందదు. భయమైతే పట్టకారు వాడండి.

పట్టినవాటిని నీళ్ల బకెట్లో వెయ్యకండి. ఆ కొద్ది నీళ్లలో గాలి అయిపోయి గంటలో చచ్చిపోతాయి. బుట్టలో వేసి పైన తడి గోనెపట్టా కప్పి నీడలో పెట్టండి. వంటకు ముందే చచ్చిన పీత తినకూడదు, వండేటప్పుడు ఒక్కోటీ చూసి కదలనిది పారేయండి.

క్రాబ్ పాట్ వాడితే దాని నోళ్లకు తాబేళ్లు దూరకుండా అడ్డుపట్టీ బిగించండి. డైమండ్‌బ్యాక్ టెరపిన్ అనే ఉప్పుటేటి తాబేలు లోపలికి దూరి, ఊపిరికి పైకి రాలేక మునిగి చస్తుంది. నీళ్లలో తేలే రంగు బుడగలన్నీ ఎవరో ఒకరి పాట్‌లవి. వాటిని ఎత్తి చూడటం నేరం, ఊరివాళ్లతో శాశ్వత వైరం కూడా. ఆయిస్టర్లూ అంతే. నీటి అడుగు నేలను చాలావరకు లీజుకిచ్చారు, కొన్నిచోట్ల కాలుష్యం వల్ల ఏరడం నిషేధం. కావాలంటే వాటర్‌మెన్ దగ్గర కొనుక్కోండి.

గాలం వేద్దామనుకుంటే పదహారేళ్లు నిండినవాళ్లకు లైసెన్సు కావాలి. పోటు తగిలే మంచినీటి భాగంలో బ్లూ క్యాట్‌ఫిష్ విపరీతం. 1970ల నుంచి ఆట కోసం తెచ్చి వదిలిన జాతి, ఇప్పుడు పీతపిల్లలతో సహా అన్నీ తినేస్తోంది. పులుసుకు బాగుంటుంది. చిన్నవే తీసుకోండి. పెద్దవాటి కొవ్వులో పీసీబీలనే విషరసాయనాలు పేరుకుంటాయి, ఏ నదిలో చేపను నెలకు ఎన్నిసార్లు తినొచ్చో రాష్ట్ర ఆరోగ్యశాఖ జాబితా ఇస్తుంది.

ఆరో పని: కయాక్

మొదటిసారైతే పైన కూర్చునే రకం అద్దెకు తీసుకోండి. తిరగబడ్డా మళ్లీ ఎక్కడం తేలిక. లైఫ్ జాకెట్ పడవలో పడేసుకోవడం కాదు, ఒంటిమీద ఉండాలి. నది నడుమకు పోకండి, ఏళ్లలోకి పొండి. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు, వచ్చేటప్పుడు గాలి వాలు. పోటు ఎక్కుతుండగా లోపలికి, నిండి తిరగ్గానే వెనక్కి. ఈ రెండు సూత్రాలూ ఒకదానికొకటి పొసగని రోజున గాలి మాటే వినండి.

ఏటి చివర గడ్డిలోకి దూరాక టైం మరిచిపోవడం మామూలే. నీరు తీసేస్తే కయాక్ బురద మీద కూర్చుండిపోతుంది. అప్పుడు దిగి తొయ్యబోతే మోకాలిదాకా దిగబడతారు, రెండో కాలు పెడితే నడుందాకా. పడవలోనే కూర్చోండి. మంచినీళ్లు తాగుతూ, కొంగలు చూస్తూ, పోటు తిరిగేదాకా ఆగడమే. ఇప్పటికే దిగబడితే ఒళ్లంతా వెనక్కి వాల్చి బరువు పరిచి, కాళ్లు ఒక్కోటిగా లాగి పాక్కుంటూ పడవ మీదికి రండి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ఏ ల్యాండింగ్ నుంచి దిగుతున్నారు, ఎప్పటికి వస్తారు అన్నది ఇంట్లో ఉన్నవాళ్లకు కాగితం మీద రాసివ్వండి.

ఉప్పునీరు బోరు కొట్టిందంటే మిడిల్ పెనిన్సులా నడుమ డ్రాగన్ రన్ ఉంది. నీళ్లలో నిలబడ్డ సైప్రస్ చెట్ల మధ్య నల్లటి నీటిదారి. ఒడ్డంతా సొంత ఆస్తులే కాబట్టి దారి తెలిసినవాళ్లతో వెళ్లడమే మేలు.

ఏడో పని: వంట, ఇల్లు

పీతల్ని వండేముందు ఐసుగడ్డల మీద ఒక అరగంట పెడితే మొద్దుబారతాయి, శుభ్రం చేసేటప్పుడు కరవవు. పైచిప్ప ఊడదీసి, రెండు పక్కలా బూడిదరంగు వేళ్లలా ఉండే మొప్పలు తీసేయండి. పసుపురంగు గుజ్జును ఇక్కడివాళ్లు మస్టర్డ్ అంటారు, ఇష్టంగా తింటారు. కలుషితాలు చేరేది కూడా అందులోనే కాబట్టి పిల్లలకు, గర్భిణులకు వద్దు. కొన్నింటిని ఇక్కడి పద్ధతిలో ఓల్డ్ బే అనే మసాలా చల్లి ఆవిరికి పెట్టండి, మిగతావి మన ఇగురు. రెండూ బయట గ్యాస్ పొయ్యి మీదే. అద్దె ఇంటి కార్పెట్లకు పట్టిన పీతల వాసన, తాలింపు వాసన వారం దాకా వదలవు, డిపాజిట్ మీదికొస్తుంది.

ఈ ఇళ్లకు ఊరి డ్రైనేజీ ఉండదు, పెరట్లో సెప్టిక్ ట్యాంకే. నూనె, చింతపండు పిప్పి, అన్నం మెతుకులు సింకులో పోయకండి. చెత్తబండి చాలా పల్లెల్లో ఇంటికి రాదు. కౌంటీ వారి కన్వీనియెన్స్ సెంటర్ అని ఒకటుంటుంది, మనమే తీసుకెళ్లి వేయాలి, వేళలు ముందే కనుక్కోండి. ఈలోపు పీత చిప్పలు సంచిలో కట్టి ఫ్రీజర్లో పెట్టండి. బయట పెడితే రాత్రికి రకూన్లు వాకిలంతా పరుస్తాయి.

ఊళ్లో ఎదురొచ్చే ట్రక్కువాళ్లు స్టీరింగ్ మీంచి రెండు వేళ్లెత్తి పలకరిస్తారు. మీరూ ఎత్తండి. బోటు ర్యాంప్ దగ్గర పొడుగు పార్కింగ్ గళ్లు ట్రెయిలర్లకు, కార్లు పక్కన పెట్టుకోండి. ఎనిమిది కుటుంబాలతో స్పీకర్లు వేసుకుని వెళ్లే చోటు కాదిది. రెండు కుటుంబాలు చాలు, అంతకుమించితే ఆ ఏరూ పట్టదు, ఆ ఇల్లూ పట్టదు. తెల్లవారుజామున నాలుగింటికి పనికి పోయే వాటర్‌మెన్ రాత్రి తొమ్మిదికి నిద్రలో ఉంటారు.

ఎనిమిదో పని: టిక్‌లు

మన పశువులకు పట్టే గోమారి జాతిదే ఇది. గడ్డిలో, పొదల్లో కాచుకుని బట్టలకు పట్టుకుంటుంది. జింకల టిక్ లైమ్ జబ్బు తెస్తుంది. వీపు మీద తెల్లచుక్క ఉండే లోన్ స్టార్ టిక్ కుడితే కొందరికి మాంసం పడకుండా పోతుంది. మేక, గొర్రె, పోర్క్, బీఫ్ ఏదైనా సరే, తిన్న మూడు నుంచి ఆరు గంటలకు దద్దుర్లు, కడుపునొప్పి, ఊపిరాడకపోవడం. మధ్యాహ్నం మటన్ తిని సాయంత్రం ఇబ్బందైతే ఎవరూ మటన్‌ను అనుమానించరు. ఈ ఆల్ఫా-గాల్ అలర్జీ గుట్టు విప్పడంలో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ప్లాట్స్-మిల్స్ బృందానిదే ముఖ్యపాత్ర.

ప్రయాణానికి ముందే ప్యాంట్లు, సాక్సులు, బూట్లకు పెర్మెత్రిన్ స్ప్రే కొట్టి ఆరబెట్టండి. ఒంటికి కాదు, బట్టలకు మాత్రమే. తడిగా ఉన్నప్పుడు పిల్లులను దాని దగ్గరికి రానివ్వకండి. ప్యాంటు సాక్సులోకి దోపుకోండి, దారి నడుమే నడవండి. మూడేసి ఆకులున్న తీగను ముట్టకండి, అది పాయిజన్ ఐవీ.

రోజూ సాయంత్రం స్నానానికి ముందు చంకలు, మోకాళ్ల వెనక, బొడ్డు, చెవుల వెనక, తలలో వెతకండి, పిల్లల్ని మీరే చూడండి. కరుచుకుని ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిప్పకుండా తిన్నగా పైకి లాగండి. అగ్గిపుల్ల, నూనె, గోళ్లరంగు వైద్యాలు వద్దు. తీసినదాన్ని తేదీ రాసి జిప్ సంచిలో దాచండి. ఇంటికి చేరగానే బట్టలు ఉతక్కముందే డ్రయ్యర్లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పండి, ఉతుకుడుకు చావని టిక్ ఆ పొడివేడికి చస్తుంది. నెలరోజుల్లోపు కుట్టినచోట ఎర్రటి వలయం పాకినా, జ్వరమొచ్చినా డాక్టరుకు ఆ సంచి చూపించి, ఏ కౌంటీలో ఏ తేదీన కుట్టిందో చెప్పండి.